టమాటా ఆకుల మీద పొక్కులు, వేళ్లకు ముడులు: తప్పు విత్తనానిదేనా?

సందేహం: పాలీషీటు షెడ్డులో రెండు హైబ్రిడ్ల టమాటా నారు పక్కపక్క ట్రేల్లో పెంచాను. నవంబరు ముసురు పట్టిన వారానికి ఒకదాని ఆకుల అడుగున ఉప్పురవ్వల్లాంటి తెల్లటి పొక్కులు లేచాయి. రెండోది శుభ్రంగా ఉంది. వైరస్ అని ఒకరు, మొక్కకు క్యాన్సర్ అని ఇంకొకరు, విత్తనంలోనే లోపమని మరొకరు అంటున్నారు. దుకాణంలో ఇచ్చిన మందు, వేపనూనె కొట్టినా తగ్గలేదు. కిందటి వేసవిలో నులిపురుగును తట్టుకునే రకమని వేస్తే వేళ్లకు ముడులొచ్చాయి. ఈ మొక్కల విత్తనం దాచుకోవచ్చా?
– ఒక రైతు, ఉదయగిరి మండలం, నెల్లూరు జిల్లా

సలహా: ముందు మందులు ఆపండి. మీరు చెప్పిన పొక్కులు తెగులూ కాదు, పురుగూ కాదు. ఒక పొక్కును గోటితో గీరి చూడండి. తడి అంటుతుంది తప్ప లోపల పురుగు గానీ బూజు గానీ ఉండదు. ఆకు పైపొర కణాలే నీటితో ఉబ్బి, మామూలు కంటే ఎన్నో రెట్లు పెరిగి అలా లేస్తాయి. నాలుగు రోజులకు పగిలి గోధుమరంగు గరుకు మచ్చలవుతాయి.

నీళ్లు ఎక్కువైతేనే ఇలా వస్తుందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు అందకపోవడం అసలు కారణం. త్వరగా చివకకుండా తయారుచేసిన పాలీషీటు ఆ కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. పైన మబ్బు, లోపల చెమ్మ, తడి ఆరని కొబ్బరిపొట్టు తోడైతే వేరు తాగిన నీళ్లు ఆకు నుంచి బయటికి పోవు.

మరి పక్క ట్రేకు ఎందుకు రాలేదు? జన్యువుల పాత్ర ఇక్కడే. కొన్ని రకాలకు ఈ గుణం పుట్టుకతోనే ఎక్కువ. అంట్లకు వేరుమూలంగా వాడే కొన్ని అడవి టమాటా సంకరాల్లో ఇది బాగా కనిపిస్తుంది. అయితే ఆ గుణం ఉన్న మొక్క కూడా ఆరుబయట పెరిగితే చాలావరకు శుభ్రంగానే ఉంటుంది. కాబట్టి దీన్ని విత్తన లోపం కింద కట్టి కంపెనీతో తగాదా పడితే నిలవదు.

రేపటి నుంచి షెడ్డు పక్కల షీటు పైకి చుట్టేయండి. వాన లేని రోజుల్లో ట్రేలను ఉదయం 7 నుంచి 10 వరకు బయట ఎండలో పెట్టండి. మొదటి రోజు గంట చాలు, 5, 6 రోజుల్లో పెంచుకుంటూ పోండి. ఒక్కసారిగా పెడితే ఆకు మాడుతుంది. ట్రేల మధ్య గాలి ఆడే సందు వదలండి. నీళ్లు ఉదయమే, అదీ పొట్టు పైభాగం ఆరాకే పెట్టండి. నూనె మందులు ఆకు రంధ్రాలను మూసి పొక్కులను పెంచుతాయి కనుక వేపనూనె మానండి. లేచిన పొక్కులు మాసిపోవు, కొత్త చిగురును చూసి నిర్ణయించుకోండి. చిగురు నునుపుగా వస్తే నారు నిశ్చింతగా నాటుకోవచ్చు.

క్యాన్సర్ మాట ఎక్కడిదంటే, ఆగ్రోబ్యాక్టీరియం అనే నేల సూక్ష్మజీవి గాయంలోంచి దూరి తన జన్యువుల ముక్కను మొక్క కణంలోకి చొప్పిస్తుంది. ఆ ముక్క పెరుగుదల హార్మోన్లను ఆగకుండా తయారు చేయిస్తుంది. ఆ తర్వాత సూక్ష్మజీవి చచ్చినా గడ్డ పెరుగుతూనే ఉంటుంది. అది కాండం మొదట్లో గట్టి గడ్డగా వస్తుంది, ఆకు నిండా రవ్వల్లా రాదు. కాండం కింద వరుసగా చిన్న బొడిపెలుంటే అవి వేరు మొలకలు, భయం లేదు.

ఇక వేరు ముడులు. వీటిని తేలిగ్గా తీసుకోవద్దు. ముడిని బ్లేడుతో చీల్చి భూతద్దంలో చూస్తే గుండుసూది తలకన్నా చిన్నగా, ముత్యంలా మెరిసే ఆడ నులిపురుగులు కనిపిస్తాయి. తట్టుకునే రకాల్లో ఉండేది ఎంఐ అనే జన్యువు. పెరూవియానం అనే అడవి టమాటా నుంచి 1940లలో సాగు టమాటాలోకి తెచ్చారు. నులిపురుగు తల పెట్టిన చోట కణాలను చంపేసి దానికి తిండి లేకుండా చేస్తుంది. కానీ నేల వేడి 28 డిగ్రీలు దాటితే ఈ జన్యువు పని చేయదు. మన వేసవి నేలల్లో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. పురుగు దూరిన మొదటి ఒకటి రెండు రోజులు వేడిగా ఉంటే చాలు, అది లోపల స్థిరపడిపోతుంది, తర్వాత చల్లబడినా లాభం లేదు. ప్యాకెట్టు మీద నులిపురుగును తట్టుకుంటుందనే గుర్తుగా వేసే ‘ఎన్’ అబద్ధం కాదు, మీరు వేసిన కాలమే కుదరలేదు.

కాబట్టి ఆ చేలో టమాటాను చలికాలానికే ఉంచండి. వేసవిలో లోతుగా దున్ని నేలను ఎండబెట్టండి. నీటి వసతి ఉంటే ఒక కారు వరి వేయండి. నీళ్లు నిలిచిన మడిలో ఈ పురుగు బాగా తగ్గుతుంది. టమాటా వెనక వంగ, బెండ, దోస వేయకండి, బంతి వేయండి. నాటే ముందు ఎకరాకు 100 కిలోల వేపపిండి దుక్కిలో కలపండి.

హైబ్రిడ్ నుంచి విత్తనం మాత్రం దాచవద్దు. హైబ్రిడ్‌లో ఎంఐ జన్యువు సాధారణంగా తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తుంది. దాని పిల్లల్లో నాలుగింట ఒక మొక్కకు అసలు ఉండదు. ఏ మొక్కకు లేదో చూసి చెప్పలేం, ముడులు కట్టాకే తెలుస్తుంది. కాయ సైజు, దిగుబడి కూడా అలాగే చెదిరిపోతాయి.

నాటబోయే చేలో నులిపురుగు ఉందో లేదో పరీక్ష చేయించడానికి 8, 10 చోట్ల 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు మట్టిని సన్న వేళ్లతో సహా తీసి కలపండి. అందులో పావు కిలో పాలిథిన్ సంచిలో కట్టి, ఎండ తగలనీయకుండా, ఆరనీయకుండా అదే రోజు నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి.