లంచం ఇచ్చి 40 రోజులైంది, ఇప్పుడు ఫిర్యాదు చేస్తే నా మీదే కేసు పెడతారా?

ప్రశ్న: మాది ఉమ్మడి నల్గొండ జిల్లా. నాన్న పేరు మీద రెండెకరాల పది గుంటల భూమి ఉంది. పక్క పొలం వాళ్లు 2015 వానాకాలంలో గట్టు జరిపి ఆరు గుంటల దాకా కలుపుకున్నారు, అందులో టేకు మొక్కలు కూడా పెట్టారు. హద్దులు తేల్చమని మీసేవలో డబ్బు కట్టి ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టాం. సర్వేయర్ రాలేదు. గట్టిగా అడిగితే 25 వేలు అన్నాడు. నాన్నకు డయాలసిస్ నడుస్తోంది, ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక లేక ఆయన దగ్గర కొలత గొలుసు పట్టే చైన్‌మన్ నంబరుకు 15 వేలు ఫోన్‌పే చేశాను. 40 రోజులైంది, ఎవరూ రాలేదు. అదే ఆఫీసులో పై అధికారి పిల్లలు రోజూ ప్రభుత్వ కారులో బడికి పోతున్నారు. మా పన్నులతో వాళ్లకు కార్లు, మాకు తిరుగుళ్లా? కడుపు మండిపోతోంది. మిగతా 10 వేలు ఇస్తేనే పొలంలో గొలుసు పడుతుందని మొన్న సర్వేయర్ మళ్లీ ఫోన్ చేశాడు. ఏసీబీకి పోతే ఇచ్చినవాడిదీ తప్పేనట. పోయిన వారమే ఇచ్చినట్టు రాయమని మా బావ అంటున్నాడు. లేదంటే ఆ ఫోన్ రికార్డింగ్ ఫేస్‌బుక్‌లో పెడతానని బెదిరించి డబ్బు వెనక్కి తెచ్చుకోమంటున్నాడు. పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి కొత్తది కొందామనుకుంటున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో కోపమంతా కారు మీద, అధికారుల దర్జా మీద ఉంది. మీ కేసును తేల్చే మాట మాత్రం ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. మిగతా 10 వేలు ఇవ్వమని సర్వేయర్ మొన్న మళ్లీ అడిగాడు, మీరు ఇంకా ఇవ్వలేదు. మీ చేతిలో ఉన్న బలమంతా అదే.

ముందు ఆ 15 వేల సంగతి చూద్దాం. అవినీతి నిరోధక చట్టం 1988లో వచ్చింది. 2018 జులై 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ దాన్ని బాగా మార్చింది. అంతకుముందు 24వ సెక్షన్ ఉండేది. లంచం ఇచ్చినవాడు సాక్షిగా చెప్పిన మాట మీద అతని పైనే కేసు పెట్టకుండా అది కాపాడేది. సవరణలో దాన్ని తీసేశారు. ఇప్పుడు 8వ సెక్షన్ ప్రకారం లంచం ఇవ్వడమూ నేరమే, ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఒక మినహాయింపు ఉంది. బలవంతం మీద ఇవ్వాల్సి వచ్చినవాడు, ఇచ్చిన రోజు నుంచి ఏడు రోజుల్లో పోలీసులకో ఏసీబీకో తెలియజేస్తే అతనిది నేరం కాదు. ఆ ఏడు రోజులు మీరు ఊరికే పోగొట్టుకున్నారు. 40 రోజులు సర్వేయర్ దయ కోసం ఎదురుచూసిన మనిషి మొదటి వారంలోనే ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064కు ఒక్క ఫోన్ చేసి ఉంటే ఈ భయం ఉండేదే కాదు.

అందుకని మీరు ముద్దాయి అయిపోయారని కాదు. ప్రభుత్వోద్యోగి తన విధిని సక్రమంగా కాకుండా చేసేలా ప్రేరేపించాలన్న ఉద్దేశంతో ఇచ్చినదాని గురించి 8వ సెక్షన్ మాట్లాడుతుంది. మీరు చలానా కట్టిన, మీకు హక్కుగా రావాల్సిన సర్వే కోసం ఇచ్చారు. లేని హద్దు చూపించమని ఇవ్వలేదు. ఈ వాదనకు చోటుంది. కానీ అది కోర్టులో గెలవాల్సిన వాదన. ఏడు రోజుల మినహాయింపులా చట్టమే రాసిచ్చిన రక్షణ కాదు.

సర్వేయర్ వైపు లెక్క వేరు. 7వ సెక్షన్ కింద ఆయనకు మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా శిక్ష ఉంటుంది. మూడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు కేసు విచారణకు తీసుకునే గడువు అంటూ ఉండదు. అంటే 40 రోజుల్లో కరిగిపోయింది మీ రక్షణే, ఆయన నేరం ఎక్కడికీ పోలేదు. డబ్బు చైన్‌మన్ ఖాతాలో పడింది కాబట్టి తనకు సంబంధం లేదని ఆయన అనవచ్చు. నేరుగా తీసుకున్నా మరొకరి ద్వారా తీసుకున్నా ఒకటేనని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. ఆ చైన్‌మన్ మీదా కేసు నిలుస్తుంది.

అయితే రుజువు సంగతి చూడండి. ఫోన్‌పే రసీదు 15 వేలు చైన్‌మన్‌కు వెళ్లాయని చెబుతుంది. ఎందుకు వెళ్లాయో, ఎవరు అడిగారో చెప్పదు. ఆయన వకీలు అది చేబదులు అంటాడు. లంచం కేసుల్లో ఇది చాలా పాత డిఫెన్స్, ఇప్పటికీ పనిచేస్తుంది. అడిగినట్టు రుజువు లేకుండా డబ్బు దొరికినంత మాత్రాన శిక్ష వేయలేమని సుప్రీంకోర్టు 2014లో బి.జయరాజ్ కేసులో, 2015లో పి.సత్యనారాయణమూర్తి కేసులో చెప్పింది. రెండూ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులే. మొదటిదాంట్లో ఫిర్యాదుదారు కోర్టులో మాట మార్చాడు, రెండోదాంట్లో విచారణ నాటికి చనిపోయాడు. ఇద్దరు అధికారులూ బయటపడ్డారు. తర్వాత 2022 డిసెంబరు 15న నీరజ్ దత్తా కేసులో జస్టిస్ అబ్దుల్ నజీర్ నాయకత్వంలోని ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం కొంత ఊరటనిచ్చింది. ఫిర్యాదుదారు చనిపోయినా, ఎదురు తిరిగినా, పరిస్థితుల సాక్ష్యంతోనూ ఇతర సాక్షులతోనూ రుజువు చేయవచ్చంది. కానీ అడగడం, తీసుకోవడం రెండూ రుజువు కావాలన్న మాటను మాత్రం వదలలేదు. మీ మొదటి 15 వేల విషయంలో ‘అడగడం’ మీ నోటి మాట మీదే ఆధారపడి ఉంది.

రెండోసారి అడిగిన 10 వేల విషయంలో అలా కాదు. 7వ సెక్షన్‌లో పుచ్చుకునే ప్రయత్నం కూడా నేరమే. పైగా 8వ సెక్షన్‌లోనే ఇంకో మాట ఉంది. దర్యాప్తు సంస్థకు ముందు చెప్పి, వాళ్లకు సాయపడటానికి ఇచ్చినవాడికి ఆ సెక్షన్ వర్తించదు. ఈ 10 వేలు ఏసీబీకి చెప్పి ఇస్తే మీరు సాక్షి. చెప్పకుండా ఇస్తే మరోసారి లంచం ఇచ్చినవాడు. అందుకే మీరు ఇవ్వకుండా ఆగడం ఈ మొత్తం వ్యవహారంలో చేసిన ఒకే ఒక మంచి పని.

ఇప్పుడు మీ బావగారి సలహా. పోయిన వారమే ఇచ్చినట్టు రాస్తే ఏడు రోజుల్లోకి వస్తామని ఆయన లెక్క. దయచేసి ఆ కాగితం రాయవద్దు. ఫోన్‌పే లావాదేవీకి తేదీ, గంట, నిమిషం, యూటీఆర్ నంబరు ఉంటాయి. బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటి తెప్పిస్తే చాలు, ఫిర్యాదు మొదటి వాక్యమే అబద్ధమని తేలిపోతుంది. అక్కడితో మీ రెండో మాట, మూడో మాట కూడా ఎవరూ నమ్మరు. నేరం చేసిన సర్వేయర్ బయటికి నడిచి వెళ్తాడు, ప్రభుత్వాధికారికి తప్పుడు సమాచారం ఇచ్చినందుకు మీరు కోర్టులో నిలబడతారు. చేయని తప్పు కొత్తగా నెత్తిన వేసుకోవడమే ఇది. ఫిర్యాదులో అసలు తేదీనే రాయండి. ఎంత ఇచ్చారు, ఎవరి నంబరుకు, ఎవరు చెబితే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు అన్నీ రాయండి. నాన్నగారి డయాలసిస్ తేదీలున్న ఆస్పత్రి కాగితాలు ఇక్కడే పనికొస్తాయి. మీరు దాచిన 15 వేలు రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు బయటపెడితే వచ్చే నష్టం, మీరే చెప్పుకుంటే వచ్చేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

రికార్డింగ్ చూపి బెదిరించే ఆలోచన కూడా మానండి. మీ డబ్బు మీరు అడిగినా, పరువు తీస్తానని భయపెట్టి రాబట్టారంటే బెదిరింపు వసూలు కింద మీ మీదే ఫిర్యాదు వస్తుంది. అది రాకపోయినా ఆయన జాగ్రత్త పడి ఇక నోరు విప్పడు. లంచం తీసుకుంటుండగా ఏసీబీ వలపన్ని పట్టుకునే ట్రాప్‌కు ఉన్న ఒకే అవకాశం పోతుంది.

ఇక ఆ ఫోన్. నిజంగా కోపం వచ్చిన మాట ఇదే. మీ దగ్గరున్న ఏకైక సాక్ష్యం ఉన్న పరికరాన్ని కొత్త ఫోన్ ధర తగ్గుతుందని ఇచ్చేస్తారా? రికార్డింగ్‌ను వాట్సాప్‌లో ఎవరికో పంపి ఉంచితే సరిపోదు. నకలుగా ఇచ్చే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ఆ సర్టిఫికెట్‌లో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) కూడా అడుగుతోంది. అసలు ఫోనే ఉంటే దాన్ని ఏసీబీ స్వాధీనం చేసుకుని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతుంది, మీకు టెన్షన్ ఉండదు. ఆ ఫోన్‌ను స్విచాఫ్ చేసి బీరువాలో పెట్టండి. ఏదీ డిలీట్ చేయవద్దు, క్లిప్పును కత్తిరించవద్దు, ఊళ్లో ఎవరికీ వినిపించవద్దు.

ఏసీబీలో జరిగేది సాధారణంగా ఇలా ఉంటుంది. జిల్లాను చూసే రేంజ్ డీఎస్పీకి మీ చేతిరాతతో ఫిర్యాదు ఇస్తారు. సర్వేయర్ నిజంగా అడుగుతున్నాడో లేదో వాళ్లు ముందు సరిచూసుకుంటారు. ట్రాప్ రోజున ఇద్దరు ప్రభుత్వోద్యోగుల్ని మధ్యవర్తులుగా పిలిచి, నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి అద్దుతారు. డబ్బు ముట్టుకున్న చేతుల్ని సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే అది గులాబీ రంగులోకి మారుతుంది. మీరు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. డబ్బు మీ అంతట మీరు ఆయన బల్ల మీద పెట్టకండి, జేబులో కుక్కకండి. ఆయన నోటితో అడగాలి, అప్పుడే తీయాలి. ఆ ఒక్క మాట లేకపోతే గులాబీ రంగు చూసి కూడా కోర్టు వదిలేస్తుంది. అక్కడికక్కడ పట్టుకునే కేసులకు అవినీతి నిరోధక చట్టం 17ఏ సెక్షన్ కింద ప్రభుత్వ ముందస్తు అనుమతి అవసరం లేదు. ఆ 10 వేలు మీరే తేవాలా, ఎప్పుడు తిరిగొస్తాయి, ఆగిన సర్వే ఎవరు చేయిస్తారు అన్నవి ఫిర్యాదు ఇచ్చే రోజే అధికారిని అడగండి.

ట్రాప్ తర్వాత ఊళ్లో పెద్దమనుషులు రాజీ మాట తెస్తారు. ఆయనకు పిల్లలున్నారంటారు. అప్పటికి మీరు మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చి ఉండవచ్చు. కోర్టులో దానికి ఎదురు చెబితే అబద్ధపు సాక్ష్యం కేసు మీ మీదికి వస్తుంది. చివరిదాకా నిలబడలేనని ఇప్పుడే అనిపిస్తే ఇప్పుడే ఆగండి, 10 వేలు మాత్రం ఇవ్వవద్దు.

కారు విషయం ఈ ఫిర్యాదులో ఒక్క ముక్క కూడా రాయవద్దు. అది మరో అధికారి సంగతి. మీ కోపం నాకు అర్థం కాక కాదు. ప్రజల డబ్బుతో నడిచే బండి సొంత పనులకు తిప్పడం తప్పే. కానీ రెండూ కలిపితే ఆఫీసు మొత్తం మీద కక్షతో ఇరికించాడని డిఫెన్స్ వాళ్లకు మీరే అవకాశం ఇచ్చినట్టవుతుంది. ట్రాప్ పూర్తయ్యాక సమాచార హక్కు చట్టం కింద ఆ వాహనం లాగ్‌బుక్ నకలు అడగండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. లాగ్‌బుక్‌లో బడి ప్రయాణాలను క్యాంపు (అధికారిక పర్యటన) అని రాసి ఉంటే, ఆ నకలుతో కలెక్టర్‌కు విడిగా ఫిర్యాదు చేయండి.

లంచం గొడవలో మీరు అసలు చూడని విషయం ఇంకొకటి ఉంది. పక్కవాళ్లు గట్టు జరిపింది 2015లో అన్నారు. హక్కును బట్టి భూమి స్వాధీనం కోరే దావాకు లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్ కింద 12 ఏళ్లే గడువు, అది వాళ్ల స్వాధీనం మీకు వ్యతిరేకంగా మారిన రోజు నుంచి నడుస్తుంది. ఎలా చూసినా 2027 వానాకాలం మొదలవకముందే దావా పడాలి. ఎఫ్-లైన్ దరఖాస్తు పెండింగులో ఉన్నంత మాత్రాన ఆ గడియారం ఆగదు. సర్వేయర్ రేపే వచ్చి రాళ్లు పాతినా ఆగదు. దావా వేస్తేనే ఆగుతుంది. ఆ టేకు చెట్లు అవతలివాళ్లకు మంచి సాక్ష్యం, వాటి వయసు చూసి ఎప్పటి నుంచి ఉన్నారో చెప్పగలరు.

కాబట్టి నాన్నగారి పేరున సివిల్ కోర్టులో హక్కు ప్రకటన, స్వాధీనం కోరుతూ దావా వేయండి. అందులోనే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్‌ను నియమించమని అడగండి. కోర్టు ఆదేశంతో సర్వేయర్‌ను వెంటబెట్టుకుని కమిషనర్ పొలానికి వచ్చి కొలిచి నివేదిక ఇస్తారు. మీరు 25 వేలకు కొనాలనుకున్న కొలత అది. నాన్నగారు కోర్టుకు రాలేకపోతే మీరు జీపీఏ (ఆయన తరఫున వ్యవహరించే అధికార పత్రం) తీసుకుని నడిపించవచ్చు, కానీ ఆయనకు మాత్రమే తెలిసిన సంగతులు ఆయన బదులు మీరు చెప్పలేరు. ఆయన సాక్ష్యాన్ని ఇంటి దగ్గరే కమిషన్ ద్వారా నమోదు చేయించమని మొదట్లోనే పిటిషన్ వేయండి. ఆరోగ్యం ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి ఇది వాయిదా వేయదగ్గ పని కాదు. పాత పహాణీలు (ఏటా సాగు వివరాలు రాసే రికార్డు), సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రిజిస్టరు), టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం), గ్రామ నక్షా నకళ్లకు ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.

రెండింట్లో ఏది ముందంటే ఏసీబీయే ముందు. దావాకు కొన్ని నెలల వ్యవధి ఉంది. సర్వేయర్ ఈ వారంలోనే మళ్లీ ఫోన్ చేయవచ్చు. చేస్తే డబ్బు సర్దుతున్నాను, రెండు రోజులు ఆగండి అని మాత్రం చెప్పి, ఆ రోజే డీఎస్పీ ఆఫీసుకు వెళ్లండి.