మెషీన్ షాప్ సందేహాలు: టూల్ జారితే, రింగ్ మెలితిరిగితే

ప్రశ్న: మా బీటీ40 వీఎంసీ (నిలువు సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్)లో ఈఎన్8 స్టీల్ మీద 12 మి.మీ. కార్బైడ్ ఎండ్‌మిల్ (కొసతో, పక్కలతో కోసే టూల్)తో పాకెట్ రఫింగ్ (గుంతను మోటుగా తొలిచే పని) చేస్తున్నాం. టూల్ పట్టుకునేది ఈఆర్32 కాలెట్ (నట్ బిగిస్తే నొక్కుకుని టూల్‌ను పట్టే చీలికల గొట్టం). ఒకటి రెండు జాబ్‌లు బాగా వస్తాయి, ఆ తర్వాత లోతు 0.2, 0.3 మి.మీ. ఎక్కువవుతోంది. హైడ్రాలిక్ హోల్డర్ (నూనె ఒత్తిడితో టూల్‌ను పట్టేది) కొనమంటారా? (బాలానగర్ నుంచి)

జవాబు: ఇప్పుడే కొనకండి. లోతు పెరుగుతోందంటే టూల్ కాలెట్‌లోంచి కిందికి జారుతోందన్నమాట. ఎండ్‌మిల్ మెలిక చిప్‌ను పైకి లాగుతుంది, ఆ లాగుడే టూల్‌ను కిందికి గుంజుతుంది. ముందు ఇది ఖాయం చేసుకోండి: కాలెట్ ముఖం దగ్గర షాంక్ (టూల్ పిడి) చుట్టూ మార్కర్‌తో గీత గీసి ఒక జాబ్ కొట్టండి. గీతకూ కాలెట్‌కూ మధ్య మెరిసే సందు కనిపిస్తే అనుమానం అక్కర్లేదు.

ఎక్కువసార్లు తప్పు కాలెట్‌ది కాదు, బిగించే తీరుది. కొత్త ఎండ్‌మిల్ షాంక్ మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది. షాంక్‌ను, కాలెట్ లోపలి బోర్‌ను, హోల్డర్ టేపర్‌ను థిన్నర్‌తో తుడిచి ఆరనివ్వండి. కాలెట్ చీలికల్లో ఇరుక్కున్న సన్నటి చిప్‌లను బ్రష్‌తో తీయండి. 12 షాంక్‌కు 12-11 అని రాసి ఉన్న (12 నుంచి 11 మి.మీ. దాకా పట్టే) కాలెట్ వాడాలి. 13-12 కాలెట్‌ను 12కి నొక్కితే పట్టు బాగా తగ్గుతుంది. కాలెట్‌ను ముందు నట్‌లోకి వాలుగా పెట్టి టక్కుమని కూర్చోబెట్టాలి, ఆ తర్వాతే రెండిటినీ కలిపి హోల్డర్‌లోకి ఎక్కించాలి. కాలెట్‌ను విడిగా హోల్డర్‌లో వేసి పైన నట్ తిప్పితే అది వంకరగా కూర్చుంటుంది, విప్పేటప్పుడు బయటికి రాదు. షాంక్ కాలెట్ పొడవులో కనీసం మూడింట రెండు వంతులు లోపల ఉండాలి.

మామూలు ఈఆర్32 నట్‌కు టార్క్ సుమారు 136 న్యూటన్ మీటర్లు, మీ నట్ తయారీదారు వేరే అంకె ఇస్తే అదే పాటించండి. చేతి స్పానర్‌తో చాలామంది అంత దాకా వెళ్లరు, కొందరు పైపు తొడిగి దాటేస్తారు. రెండూ నష్టమే, అతిగా బిగిస్తే కాలెట్ మెలితిరిగి రనౌట్ (తిరిగేటప్పుడు టూల్ నడిమధ్య నుంచి తప్పే దూరం) పెరుగుతుంది. ఒక టార్క్ రెంచ్ కొనడం హైడ్రాలిక్ హోల్డర్ కన్నా చాలా చవక.

ఇవన్నీ చేసినా జారితే సైడ్‌లాక్ (పక్క నుంచి స్క్రూతో బిగించే) హోల్డర్‌కు మారండి, దానికి షాంక్ మీద ఫ్లాట్ (చదునుగా కోసిన చోటు) ఉన్న ఎండ్‌మిల్ తెప్పించాలి. స్క్రూ ఫ్లాట్ మీద కూర్చుంటుంది కాబట్టి టూల్ ఊడే మార్గమే లేదు. స్క్రూ టూల్‌ను ఒక పక్కకి నెడుతుంది, అందుకే రనౌట్ కొంత ఉంటుంది. రఫింగ్‌కు పర్వాలేదు, ఫినిషింగ్‌కు వద్దు. హైడ్రాలిక్ దాదాపు 3 మైక్రాన్ల రనౌట్‌తో రీమర్‌కు (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకు తెచ్చే టూల్), ఫినిష్ ఎండ్‌మిల్‌కు బాగా పనికొస్తుంది. టూల్ పెట్టకుండా మాత్రం దాన్ని ఎప్పుడూ బిగించకండి, లోపలి గోడ పాడవుతుంది.

ప్రశ్న: ఓడీ (బయటి వ్యాసం) 120, బోర్ (లోపలి రంధ్రం) 110 హెచ్7 (సైజులో అనుమతించే తేడా గ్రేడ్), గోడ మందం 5 మి.మీ. ఉన్న స్టీల్ రింగ్. మూడు జాస్ (దవడలు) ఉన్న చక్‌లో బోర్ చేశాక డయల్ బోర్ గేజ్ (ఎదురెదురు రెండు బిందువుల మధ్య రంధ్రం వ్యాసం కొలిచేది) ఎటు తిప్పినా 110.02 చూపిస్తోంది. అయినా 110 ఓడీ ఉన్న 6212 బేరింగ్ ఎక్కడం లేదు. (జీడిమెట్ల నుంచి)

జవాబు: గేజ్ మిమ్మల్ని మోసం చేస్తోంది. జాస్ నొక్కినప్పుడు రింగ్ మూడు చోట్ల లోపలికి వంగుతుంది. మీరు ఆ స్థితిలో గుండ్రంగా బోర్ చేశారు. విప్పగానే రింగ్ తన ఆకారానికి తిరిగి వస్తుంది, బోర్‌కు మూడు ఉబ్బులు మిగులుతాయి. రెండు బిందువుల గేజ్ ఒక వైపు ఉబ్బు మీద ఉంటే ఎదురు వైపు పల్లంలో ఉంటుంది, కొలత ఎప్పుడూ ఒకటే. మూడు బిందువుల ఇన్‌సైడ్ మైక్రోమీటర్‌తో రింగ్‌ను తిప్పుతూ చూడండి, తేడా బయటపడుతుంది.

మందులు రెండు. ఒకటి, దాదాపు చుట్టూ పట్టుకునే వెడల్పాటి సాఫ్ట్ జాస్ (కోసి సైజుకు తెచ్చుకోగల మెత్తటి దవడలు). వీటిని చక్ మీదే, సరిగ్గా మీ రింగ్ ఓడీ సైజుకు బోర్ చేయాలి. బోర్ చేసేటప్పుడు జాస్ వెనక భాగంలో ఒక గుండు బిళ్ల పట్టి, జాబ్‌కు వాడే ప్రెషర్‌నే ఇవ్వాలి. లేకపోతే చక్‌లోని వదులు సైజులోకి ఎక్కుతుంది. జాస్ బోర్ చిన్నదైతే అంచులే తగులుతాయి, పెద్దదైతే మధ్యలోనే తగులుతుంది. రఫింగ్ గట్టి ప్రెషర్‌తో చేసి వ్యాసం మీద 0.3 మి.మీ. ఉంచండి, ఒకసారి విప్పి, తక్కువ ప్రెషర్‌తో మళ్లీ పట్టి ఫినిష్ కొట్టండి. ప్రెషర్ తగ్గిస్తే ఆర్‌పీఎం కూడా తగ్గించండి. వేగం పెరిగేకొద్దీ జాస్ బయటికి లాగబడి పట్టు సడలుతుంది, రింగ్ ఎగిరే ప్రమాదం ఉంది.

రెండోది, లాట్ పెద్దదైతే ముఖం మీద నుంచి అక్షం దిశలో నొక్కే ఫిక్స్చర్. పక్కల నుంచి నొక్కుడే ఉండదు కాబట్టి రింగ్ వంగడానికి కారణమే ఉండదు. మాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి ఇదే.

ప్రశ్న: 200×200×8 అల్యూమినియం ప్లేట్ ఫేస్ మిల్లింగ్‌కు (పై ముఖం చదును చేయడానికి) వాక్యూమ్ ప్లేట్ (గాలి లాగి జాబ్‌ను పట్టే ప్లేట్) సరిపోతుందా? (విజయవాడ ఆటోనగర్ నుంచి)

జవాబు: లెక్క కట్టండి. సీలింగ్ తాడు లోపలి వైశాల్యమే పనికొస్తుంది, మొత్తం అనుకున్నా 40,000 చదరపు మి.మీ. పంపు 0.8 బార్ ఇస్తే కిందికి సుమారు 320 కిలోల బలం. పక్కకి జారకుండా ఆపేది రాపిడి మాత్రమే, రాపిడి గుణకం 0.2 పట్టుకుంటే 64 కిలోలు. చిన్న కట్‌లకు సరిపోతుంది, రెండు వైపులా ప్లేట్ కన్నా పొట్టిగా స్టాపర్లు పెట్టండి. ఇదే పద్ధతిలో 50×50 ముక్కకు మిగిలేది 4 కిలోలే, అది వద్దు. వంగిన ప్లేట్‌ను వాక్యూమ్ సమంగా లాగేస్తుంది, వదలగానే మళ్లీ వంగుతుంది. అందుకే రెండు వైపులా తిప్పుతూ కొద్దికొద్దిగా తీయాలి.

ప్రశ్న: వైస్‌లో బిగిస్తే జాబ్ పారలల్స్ (జాబ్ కింద పెట్టే సమాన ఎత్తు పట్టీలు) మీద నుంచి లేస్తోంది. (చర్లపల్లి నుంచి)

జవాబు: కదిలే జా బిగించినప్పుడు పైకి వాలుతుంది. జాబ్‌కూ కదిలే జాకూ మధ్య, జాబ్ ఎత్తులో సగం దగ్గర, ఒక గుండ్రటి చువ్వను అడ్డంగా పెట్టి బిగించండి. ఒత్తిడి ఒకే గీత మీద పడి, జాబ్ కదలని జాకు చక్కగా ఆనుతుంది. సగం బిగించాక మెత్తటి సుత్తితో కిందికి కొట్టి, పూర్తిగా బిగించాక పారలల్‌ను వేలితో కదిపి చూడండి. కదిలితే జాబ్ ఇంకా కూర్చోలేదు.