ఒక్క మెతుకు చాలు: కవరింగ్ లెటర్ గురించి మేనకోడలికి

దాసరహళ్లి, బెంగళూరు
గురువారం రాత్రి

అమ్మలూ,

అకౌంట్స్ ఉద్యోగానికి రెస్యూమెతో పాటు పంపాలని నువ్వు రాసి, వాట్సాప్‌లో నాకు పంపిన కవరింగ్ లెటర్ మధ్యాహ్నం ఫ్యాక్టరీలో భోజనాల వేళ ఒకసారి, ఇంటికొచ్చాక తీరిగ్గా ఇంకోసారి చదివాను. "బాగుందా మామా?" అని అడిగావు. తప్పుల్లేవు. కానీ అందులో నువ్వు లేవు. కింద నీ పేరు తీసేసి పీజీ హాస్టల్లో నీ పక్క మంచం అమ్మాయి పేరు పెట్టినా ఆ ఉత్తరం అలాగే సరిపోతుంది. నన్ను బాధపెట్టింది అదే. ఫోన్లో చెబితే ఊ కొట్టి మరిచిపోతావని కూర్చుని రాస్తున్నాను.

పీణ్యలో ఇప్పుడున్న మెషిన్ షాపులో అకౌంట్సూ, ఆఫీసు పనులూ చూస్తూ ఇరవై ఏళ్లు దాటాయి. ఆఫీసు ఉద్యోగానికి ప్రకటన ఇస్తే వచ్చే మెయిళ్లన్నీ ముందు నా దగ్గరికే వస్తాయి. వాటిని నేను ఎప్పుడు చదువుతానో తెలుసా? బిల్లుల మధ్యలో, డ్రైవరు సరుకు చలాన్ కోసం గుమ్మంలో నిలబడి ఉండగా, లేదంటే సాయంత్రం మెట్రోలో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్లో. మెయిల్ తెరవకముందే కనబడేది సబ్జెక్టూ, దాని పక్కన ఒకటిన్నర లైనూ. దాదాపు అందరిదీ ఒకటే మొదలు: "విత్ రెఫరెన్స్ టు యువర్ అడ్వర్టైజ్‌మెంట్..." నీదీ అంతే. ఆ తర్వాత "ఐ యామ్ ఎ హార్డ్ వర్కింగ్, సిన్సియర్ అండ్ డెడికేటెడ్ పర్సన్" అని రాశావు. నువ్వు కష్టపడే పిల్లవని నాకు తెలుసు. చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది తల్లీ? పని దొంగ కూడా అదే వాక్యం రాస్తాడు కదా.

అన్నం ఉడికిందో లేదో చూడాలంటే గిన్నె బోర్లించక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలిసిపోతుంది. నీ చదువు, మార్కులు, కోర్సులు, పనిచేసిన చోట్లు అన్నీ రెస్యూమెలో వరుసగా ఉన్నాయి. కవరింగ్ లెటర్‌లో వాళ్ల చేతికి ఒక్క మెతుకు అందించు. నీ పనిలోంచి తీసిన ఒక సంగతి, వాళ్లకు కావాల్సిన పనికి దగ్గరగా ఉన్నది.

అలాంటి మెతుకు నీ దగ్గర లేదనకు. పోయిన దసరాకి నేను హిందూపురం వచ్చినప్పుడు, వసారాలో బెండకాయలు తరుగుతూ నువ్వే చెప్పావు. మీ ఎరువుల దుకాణంలో ఒక నెల మూడు కొనుగోలు బిల్లులు జీఎస్టీ పోర్టల్లో కనబడలేదని, టూబీని, అంటే అమ్మినవాళ్లు చూపించిన బిల్లులతో పోర్టల్ ఇచ్చే జాబితాను, లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో ఉన్న కొనుగోళ్లతో ఒక్కొక్కటిగా సరిచూస్తే ఆ మూడూ ఒకే డిస్ట్రిబ్యూటర్‌వని తేలిందని. ఫోన్ చేస్తే "మేం వేసేశాం" అన్నారు. నువ్వు వదల్లేదు. బిల్లు నంబర్లు, తేదీలు కాగితం మీద రాసుకుని మళ్లీ ఫోన్ చేసి, వాళ్ల మనిషిని ఆ ఎంట్రీలు తెరిచి చూడమన్నావు. తీరా చూస్తే ఆ బిల్లులు కదిరిలో అదే పేరున్న ఇంకో దుకాణం ఖాతాకు పోయాయి. తర్వాతి నెల రిటర్న్‌లో, అంటే ప్రభుత్వానికి ఇచ్చే పన్ను లెక్కలో, వాళ్లు సరిచేశారు, మీ ఓనరుకు ₹38,500 క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకు తగ్గింపు, తిరిగొచ్చింది. ఇది విన్న రోజు, రేపు మా ఆఫీసులోనైనా ఈ పిల్ల నిలబడుతుంది అనుకున్నాను. మరి నీ ఉత్తరంలో ఇందులో ఒక్క అక్షరం లేదేం?

ఇప్పుడు వాళ్ల ప్రకటన మళ్లీ తీసి చూడు. అకౌంట్స్ అసిస్టెంట్, టాలీ, జీఎస్టీ రిటర్న్‌లు, వెండర్ ఫాలోఅప్, కన్నడ వస్తే మంచిది. నాలుగైదు మాటలే కదా అని చూసి వదిలేశావు. ప్రకటన రాసేవాళ్లు తమకు ఎక్కడ నొప్పి ఉందో అదే రాస్తారు. "వెండర్ ఫాలోఅప్" అంటే ఏమిటో ఆ సీట్లో కూర్చున్నవాణ్ని, నన్నడుగు. అమ్మినవాళ్లు 11వ తేదీలోగా జీఎస్‌టీఆర్-1, అంటే తమ అమ్మకాల రిటర్న్, వేస్తే 14న మన టూబీ వస్తుంది. మనం 20లోపు త్రీబీ, అంటే ఆ నెల మొత్తం పన్ను రిటర్న్, వేసి పన్ను కట్టాలి. మధ్యలో ఉండే ఆ ఆరు రోజులే అకౌంట్స్ వాళ్లకు టెన్షన్. సరుకు అమ్మినవాడు తన రిటర్న్‌లో మన బిల్లు చూపించకపోతే, మనం వాడికి పన్నుతో సహా డబ్బు కట్టినా సరే, ఆ నెల మనకు క్రెడిట్ రాదు. చేతి డబ్బు ఇంకోసారి పెట్టాల్సిందే. ఆ ఆరు రోజులూ ఫోన్లు పట్టుకుని, మర్యాద తప్పకుండా, పట్టు విడవకుండా అడిగే మనిషి వాళ్లకు కావాలి. నువ్వు చేసింది సరిగ్గా అదే. వాళ్ల అవసరం, నీ పని ఒకే లైనులో కలిశాయి. ఉత్తరం అక్కడ మొదలుపెట్టు.

కన్నడ సంగతి. మనది సరిహద్దు ఊరు కాబట్టి నీకు కన్నడ పుట్టుకతో వచ్చినట్టే వచ్చింది, అందుకని దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఇక్కడ ప్లేటింగ్ చేసేవాళ్లు, పౌడర్ కోటింగ్ చేసేవాళ్లు, చిన్న చిన్న వర్క్‌షాపుల వాళ్లు చాలామందికి ఇంగ్లీషులో మెయిల్ పెడితే జవాబు రాదు. "సార్, ఈ తింగళు రిటర్న్ హాకిల్వా?" అని, అంటే ఈ నెల రిటర్న్ వేయలేదా అని, ఫోన్లో కన్నడలో అడిగితే వెంటనే ఆడిటర్ నంబరు ఇస్తారు. నీ క్లాసులో ఫస్టు వచ్చిన అమ్మాయికి లేని ఈ బలం నీకుంది. తెలుగు, కన్నడ ధారాళంగా మాట్లాడతాను అని ఉత్తరంలోనే రాయి, రెస్యూమె చివర్లో "లాంగ్వేజెస్ నోన్" కింద పడేస్తే ఎవరూ అక్కడిదాకా పోరు.

రాసే పద్ధతి చెబుతాను. ముందు తెలుగులో రాసుకో, మీ అమ్మకు చెప్పినట్టు. ఇలా:

"హిందూపురంలో ఒక ఎరువుల దుకాణంలో 14 నెలలు టాలీలో లెక్కలు చూశాను, నెలనెలా జీఎస్టీ రిటర్న్‌లకు వివరాలు సిద్ధం చేశాను. ఒకసారి టూబీలో మూడు బిల్లులు తగ్గాయి. డిస్ట్రిబ్యూటర్‌తో మాట్లాడి, బిల్లులు వేరే ఖాతాకు పోయాయని కనిపెట్టి సరిచేయించాను. ₹38,500 క్రెడిట్ మా దుకాణానికి వచ్చింది. మీ ప్రకటనలో వెండర్ ఫాలోఅప్ అని చూశాను. ఆ పని నాకు తెలుసు, తెలుగులోనూ కన్నడలోనూ చేయగలను."

దీన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లోకి మార్చు. కామాల మీద కామాలు పెట్టి పొడుగు వాక్యాలు కట్టకు, గొంతులో ముల్లు పడ్డట్టుంటుంది. నువ్వు ఇంటర్వ్యూలో నోటితో అనలేని మాట ఉత్తరంలో రాయకు. "ప్రొఫిషియెంట్" అని రాసి, ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ మాట నోరు తిరగకపోతే ఇబ్బంది నీకే. అంకె విషయంలో మాత్రం జాగ్రత్త. ముప్పై ఎనిమిదిన్నర వేలయితే అంతే రాయి, నలభై వేలు అని పెంచకు. వాళ్లు ఆ సంగతే అడుగుతారు, అప్పుడు నీ దగ్గర తేదీలు, బిల్లుల లెక్క ఉండాలి. ఆ రిటర్న్‌లు పోర్టల్లో ఎక్కించింది మీ ఆడిటర్ కదా, అందుకే "సిద్ధం చేశాను" అన్నాను. "ఫైల్ చేశాను" అని రాయొద్దు.

డిగ్రీ అయ్యాక ఏడాది ఖాళీ ఉందని, అది కనబడకుండా తేదీలు తీసేశావు. అమ్మలూ, అలా చేయకు. అవ్వకు తుంటి ఎముక విరిగితే ఆ ఏడాదంతా పక్కనే ఉండి లేపింది, నడిపించింది నువ్వు. మా అమ్మకు నేను చేయాల్సిన సేవ నువ్వు చేశావు, ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది. అది దాచుకోవాల్సిన ఏడాది కాదు. "కుటుంబంలో పెద్దావిడకు ఆపరేషన్ కావడంతో ఏడాది ఇంటి దగ్గర ఉన్నాను, ఆ తర్వాత పనిలో చేరాను" అని ఒక్క లైను చాలు. క్షమాపణలు వద్దు, వివరాలు వద్దు. తేదీలు దాచిన కాగితం చూస్తే నాబోటి వాడికి ముందు అనుమానమే వస్తుంది.

ఒకే ఉత్తరం ముప్పై కంపెనీలకు పంపుతున్నావని మీ అమ్మ చెప్పింది. నేనూ ఈ ఊరు వచ్చిన కొత్తలో అదే చేశాను. యశ్వంతపురంలో ఒక జాబ్ టైపింగ్ షాపులో ఉత్తరం కొట్టించి, కంపెనీ పేరు దగ్గర గీత వదిలి, జిరాక్సులు తీయించి పెన్నుతో పేర్లు నింపాను. రెండు నెలలు పోస్టుమ్యాన్ కోసం ఎదురుచూశాను. ఒక్క జవాబు రాలేదు. చివరికి ఒక చిన్న యూనిట్ గేటు మీద "స్టోర్ కీపర్ కావలెను" బోర్డు చూసి, అక్కడే టీ కొట్టు బెంచీ మీద కూర్చుని చేత్తో అర పేజీ రాశాను. నాన్న కిరాణా కొట్లో ప్రతి అమావాస్యకీ సరుకు లెక్క నేనే చూసేవాణ్నని, గోడౌన్లో పాత బస్తాలు ముందు పోయేలా కొత్తవి వెనక పేర్చేవాణ్నని. అది చదివి లోపలికి పిలిచారు. ఆ ముప్పై ఉత్తరాల ఖర్చు కంటే ఆ రెండు నెలలు నాకు ఎక్కువ బాధ. రోజుకు పది పంపే బదులు వారానికి నాలుగు పంపు, ప్రకటన చదివి, దేనికి దాన్నే రాసి. కంపెనీ పేరు రెండుసార్లు చూసుకో. పోయిన నెల నాకు వచ్చిన ఒక మంచి ఉత్తరంలో పైన మా పేరు, కింద ఇంకో కంపెనీ పేరు ఉన్నాయి. ఆ అబ్బాయిని పిలవలేకపోయాను.

చాట్‌జీపీటీతో రాయించానన్నావు. దాని ఇంగ్లీషు బాగుంటుంది, అయితే ఇప్పుడు అందరూ దాంతోనే రాయిస్తున్నారు, అన్నీ ఒకే గొంతుతో వస్తున్నాయి. దానికి అవ్వ సంగతి తెలియదు, కదిరి బిల్లుల సంగతి తెలియదు. నువ్వు రాశాక తప్పులు దిద్దించుకో. అది కొత్తగా ఏదైనా గొప్ప కలిపితే కొట్టెయ్.

ఇక పైపై విషయాలు. అర పేజీ, మహా అయితే ముప్పావు. మెయిల్‌లోనే ఉత్తరం పెట్టు, రెస్యూమె పీడీఎఫ్‌గా జత చెయ్యి. ఫైలు పేరులో నీ పేరు ఉండాలి, "న్యూ రెస్యూమె ఫైనల్ 2" అని ఉండకూడదు. సబ్జెక్టులో పోస్టు పేరు, నీ పేరు. ప్రకటనలో మనిషి పేరు ఉంటే ఆ పేరుతో మొదలుపెట్టు, లేకపోతే "డియర్ హైరింగ్ మేనేజర్" చాలు. నాన్న పేరు, కులం, పెళ్లయిందా లేదా, ఇవేవీ అక్కర్లేదు. జీతం వాళ్లు అడిగితేనే రాయి. ఎప్పుడు చేరగలవో మాత్రం చివర్లో తప్పక రాయి, "వెంటనే చేరగలను" అన్న మాట చిన్న ఆఫీసుల్లో బాగా పనిచేస్తుంది. పంపేముందు నాకు పంపు, నేను ఫోన్లో తెరిచి చూస్తాను. వారం గడిచాక జవాబు రాకపోతే అదే మెయిల్ కింద రెండు లైన్లు మర్యాదగా రాయి. అడగందే అమ్మైనా పెట్టదు. కానీ రోజూ ఫోన్ చేయకు.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా వివరాలు దరఖాస్తుతో పంపకు. ఎవరైనా రిజిస్ట్రేషన్ ఫీజు అనో, లాప్‌టాప్ డిపాజిట్ అనో డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా కట్టకు, నాకు ఫోన్ చెయ్యి. పని ఇచ్చేవాడు నీకు డబ్బివ్వాలి.

శనివారంలోగా తెలుగులో రాసుకో. ఆదివారం పొద్దున విజయనగర్‌లో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో దిగి గ్రీన్ లైన్‌కు మారి దాసరహళ్లి రా. నేను స్టేషన్ కింద ఉంటాను. ప్రకటన కాగితం మీద ప్రింటు తీయించుకుని తెచ్చుకో, పెన్నుతో గీతలు గీసుకుంటూ ఇద్దరం కూర్చుందాం. అత్త ఓళిగలు, అదే బొబ్బట్లు, చేస్తానంది, నీకిష్టమని బెల్లంతోనే.

మీ మామ