మూర్ఛ లేని తమ్ముడికి మూర్ఛ మందు ఎందుకు?

చెల్లెమ్మా, బరంపురం డాక్టరు మీ తమ్ముడికి కుంగుబాటు మందు ఎస్సిటాలోప్రామ్ తగ్గిస్తూ లామోట్రిజిన్ మొదలుపెట్టారని, పొరపాటున మూర్ఛ మందు రాశారేమోనని రాయగడ నుంచి అడిగారు. పొరపాటు కాకపోవచ్చు. నిరుడు వారం రోజులు నిద్రే లేకుండా హుషారుగా తిరిగాడని మీరే రాశారు కదా, కీలకం అదే. అది బైపోలార్ (కొన్నాళ్లు కుంగుబాటు, కొన్నాళ్లు మితిమీరిన హుషారు వచ్చే జబ్బు) గుర్తు కావచ్చు. ఆ జబ్బు ఉన్నవారికి కుంగుబాటు మందు ఒక్కటే ఇస్తే మనసు ఉన్మాదం వైపు ఎగిసే ప్రమాదం ఉంది. లామోట్రిజిన్‌తో ఆ భయం తక్కువ, కుంగుబాటు తిరగబెట్టకుండా కాస్తుంది. అమెరికాలో 2003లోనే బైపోలార్‌కు దీన్ని అనుమతించారు.

గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. సాధారణంగా రెండు వారాలు రోజుకు 25 మిల్లీగ్రాములు, తర్వాతి రెండు వారాలు 50. వాల్‌ప్రోయేట్ అనే మరో మూర్ఛ మందు కూడా వాడుతుంటే అందులో సగమే. త్వరగా తగ్గాలని మీ అంతట మీరు పెంచవద్దు, దయచేసి. ఒంటిమీద దద్దుర్లు, పెదవి లోపల పుండ్లు, ఎర్రబడిన కళ్లు, వీటిలో ఏది కనిపించినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఘాట్ దారి, రాత్రివేళ అని తెల్లారేదాకా ఆగవద్దు. ఐదు రోజులకు మించి మానేస్తే పాత మోతాదు నేరుగా వేయకూడదు, డాక్టరును అడిగి మళ్లీ మొదటినుంచే. అందుకే మాత్రలు అయిపోకముందే తెప్పించండి.

చనిపోవాలనే మాటలు అతని నోట వస్తే ఒంటరిగా వదలవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలిమానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులోనూ మాట్లాడవచ్చు.