శిరీషా, ఇగ్నిషన్ స్విచ్ విప్పే ముందు ఇది చదువు

చి. శిరీషకి మామయ్య ఆశీస్సులు.

బావగారి మారుతి 800కి ఇగ్నిషన్ స్విచ్ నువ్వే మారుస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! కానీ సెల్ఫ్ తిరగనప్పుడల్లా స్టీరింగ్ కింద రెండు వైర్లు కలిపి బండి తీస్తున్నావని కూడా తనే చెప్పింది. ఆ పని ఇవాళ్టితో మానెయ్ తల్లీ. అక్కడ ఉన్న వైర్లలో ఒకటి నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది, కీ తీసేసినా అందులో కరెంటు ఉంటుంది. అది స్టీరింగ్ కాలమ్ ఇనుముకి తగిలిందంటే క్షణాల్లో వైరింగ్ అంటుకోవచ్చు. పైగా కీ పెట్టకుండా బండి నడిపితే స్టీరింగ్ లాక్ మలుపులో పడిపోవచ్చు. నాకు ఆ రెండో భయమే ఎక్కువ.

అసలు పోయింది స్విచ్చేనా? ముందు అది తేల్చుకో. మల్టీమీటర్ పెడితే ఆగి ఉన్న బండి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే తప్పు బ్యాటరీదో, టెర్మినళ్లదో, నెగటివ్‌ని బండి బాడీకి కలిపే ఎర్త్ పట్టీదో. బ్యాటరీ బాగానే ఉండి, సెల్ఫ్ మోటార్ మీది సన్న వైరు దగ్గర మాత్రం ఒకటి రెండు వోల్టులు తగ్గి వస్తుంటే అప్పుడు స్విచ్‌నీ, వైర్లు దానికి గుచ్చుకునే ప్లాస్టిక్ కప్లర్‌నీ అనుమానించు. ఈ పరీక్షకి గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి. క్లచ్ తొక్కకపోయినా సెల్ఫ్ తిరిగే బండి అది, గేరులో ఉంటే ముందుకి దూకుతుంది.

కీ తిరగడమే కష్టంగా ఉంటే ముందు బీరువాలో ఉన్న రెండో కీ పెట్టి చూడు. చాలాసార్లు అరిగేది కీయే. కీ చక్కగా తిరుగుతూ కరెంటే రాకపోతే వెనకనున్న కాంటాక్ట్ స్విచ్ ఒక్కటీ మారిస్తే చాలు, కీ తాళం, స్టీరింగ్ లాక్ కలిసి ఉండే లాక్ సెట్ మొత్తం కొననక్కర్లేదు. పాతది చేత్తో పట్టుకెళ్లి, కప్లర్ కాళ్లు సరిపోల్చుకునే తెచ్చుకో.

పని మొదట బ్యాటరీ నెగటివ్ తీసెయ్, 10 నంబరు పానా చాలు. స్టీరింగ్ కవర్ స్క్రూలు విప్పు. వైర్లు పీకే ముందు ఫోటో తియ్.

ఇక్కడ కాస్త నిదానంగా చదువు. ఈ పనిలో ఎక్కువమంది చేసే తప్పు, పాత స్విచ్ ఎందుకు కాలిందో చూడకుండా కొత్తది అదే కప్లర్‌లో గుచ్చడం. కొన్ని నెలలకి అదీ కాలుతుంది, స్విచ్ నకిలీదని షాపువాణ్ని తిడతారు. కప్లర్ లోపల వైర్ల చివర బిగించిన ఇత్తడి రేకులు, అదే లగ్గులు, చూడు. మెరుస్తూ ఉండాల్సినవి గోధుమరంగుకో నలుపుకో తిరిగాయంటే వాటి పట్టు సడలిందన్నమాట. లూజు దగ్గర వోల్టేజీ పడుతుంది, పడినదంతా వేడి అవుతుంది. 20 ఆంపియర్లు పారేచోట ఒక్క వోల్టు పడినా 20 వాట్లు. సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది ఉంటుంది కదా, దాదాపు అంత వేడి అగ్గిపుల్ల తలంత చోట పుడుతుంది. ప్లాస్టిక్ మెత్తబడుతుంది, లగ్గు ఇంకా సడలుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. అందుకని కాలిన లగ్గుల్ని గీకి వాడకు. నల్లబడిన వైరుని రాగి మెరిసే దాకా కత్తిరించి కొత్త లగ్గులు, కొత్త కప్లర్ వెయ్. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టావో, ఊరుకోను.

ఆ స్విచ్ మీద భారం కూడా తగ్గించాలి. సెల్ఫ్ మోటార్‌కి పెద్ద కరెంటు కలిపే సోలినాయిడ్ లాక్కునే కరెంటంతా ఆ చిన్న కాంటాక్టుల గుండానే పోతుంది. 40 ఆంపియర్ల నాలుగు కాళ్ల రిలే ఒకటి తెచ్చుకో, చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్ అది, కాళ్ల దగ్గర నంబర్లుంటాయి. స్విచ్ నుంచి వచ్చే సెల్ఫ్ వైరు 86కి, 85 ఎర్త్‌కి, 30 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా బ్యాటరీ పాజిటివ్ 30వ కాలికి, 87 నుంచి సోలినాయిడ్ సన్న టెర్మినల్‌కి. అప్పుడు సెల్ఫ్ కోసం స్విచ్ మోసేది ఆంపియరులో పదోవంతో అయిదోవంతో. స్టీరియో, అదనపు హారన్ వంటివి ఇగ్నిషన్ వైరు మీద ఎవరైనా తగిలించి ఉంటే అవీ పీకెయ్. సుజుకీ వైరింగ్‌లో మామూలుగా నలుపు మీద పసుపు గీత సెల్ఫ్‌కి, నలుపు మీద తెల్ల గీత స్పార్క్ ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్‌కి. కానీ అంత పాత బండిలో ఎవరెవరు ఏం మార్చారో, టెస్ట్ ల్యాంప్ చెప్పిందే నమ్ము.

లాక్ సెట్ మొత్తం మార్చాల్సి వస్తే దాన్ని పట్టుకున్న బోల్టులకి తలలుండవు, దొంగలు విప్పకూడదని బిగించేటప్పుడే విరిగేలా చేస్తారు. హ్యాక్‌సా బ్లేడుతో గాడి కోసి మైనస్ స్క్రూడ్రైవర్‌తో తిప్పు, లేదా సన్న ఉలితో అంచున మెల్లగా తట్టు. కాలమ్ మీద సుత్తి దెబ్బ గట్టిగా పడకూడదు. కొత్త బోల్టుల తలలు వెంటనే విరిచెయ్యకు. ముందు చేత్తో బిగించి, ముందు చక్రాలు రెండూ జాకీతో లేపి కింద స్టాండ్లు పెట్టి, కీ ఆన్‌లోనూ, స్టీరియో వంటివి మాత్రమే పనిచేసే ఏసీసీలోనూ ఉంచి స్టీరింగ్ రెండు చివరలకీ తిప్పు. ఎక్కడా పట్టకూడదు. కీ తీశాకే లాక్ పడాలి. స్టార్ట్ నుంచి వదలగానే కీ దానంతటదే ఆన్‌కి వెనక్కి రావాలి. రాకపోతే ఇంజన్ అందుకున్నాక కూడా సెల్ఫ్ తిరుగుతూనే ఉండి కాలిపోతుంది. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే తలలు విరుచు. పరీక్షలప్పుడు ఇంజన్ నడవకుండా కీ ఆన్‌లో ఎక్కువసేపు ఉంచకు. కాయిల్‌కి కరెంటు కలిపి తెంచే పాయింట్లు మూసుకున్న చోట ఇంజన్ ఆగి ఉంటే కాయిల్ వేడెక్కుతుంది.

నీ కీచైన్‌కి వేలాడే బొమ్మలన్నీ తీసెయ్. నవ్వకు. 2014లో జనరల్ మోటార్స్ అమెరికాలో లక్షల కార్లు వెనక్కి పిలిచింది ఇగ్నిషన్ స్విచ్ గురించే. లోపలి స్ప్రింగ్ బలహీనం, కీ గుత్తి బరువుకో కుదుపుకో కీ వెనక్కి జారి ఇంజన్ ఆగేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. 124 మరణాలకి ఆ సంస్థ నష్టపరిహార నిధే బాధ్యత ఒప్పుకుంది. మన బండికి ఎయిర్‌బ్యాగు లేదు సరే, ఇంజన్ ఆగితే, బ్రేకు తొక్కడం తేలిక చేసే బూస్టర్‌లో మిగిలేది ఒకటి రెండు తొక్కుల బలం. అలా ఎప్పుడైనా ఆగితే కీని లాక్ వైపు మాత్రం తిప్పకు, బ్రేకు గట్టిగా నొక్కిపట్టి పక్కకి తియ్.

లాక్‌లో నూనె పొయ్యకు, దుమ్ము పట్టి బిగుసుకుంటుంది. గ్రాఫైట్ పొడి కొంచెం చాలు.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టు, ఎండెక్కితే ఆ షెడ్డులో కూర్చోలేవు. బ్యాటరీ నెగటివ్ మళ్లీ తగిలించే ముందు కప్లర్, రిలే ఫోటోలు వాట్సాప్‌లో పంపు. చూసి నేను సరేనన్నాకే తగిలించు.

మీ మామయ్య