సైకిల్ నేర్పే నాన్నలకు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. పక్క చక్రాలున్న 16 అంగుళాల సైకిల్ రయ్యిన తొక్కేస్తాడు. ఆ చక్రాలు తీసేస్తే రెండు తొక్కులకే పడిపోతున్నాడు. హ్యాండిల్ ఒక చేత్తో, సీటు ఒక చేత్తో పట్టుకుని పక్కనే పరిగెడుతున్నాను. నా నడుం పోతోంది గానీ వాడికి సైకిల్ రావట్లేదు.
– ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: మీవాడికి తొక్కడం వచ్చేసిందండి. రానిది బ్యాలెన్సు. పక్క చక్రాలున్నంత కాలం అది రాదు కూడా. సైకిల్ ఎడమకి ఒరిగితే హ్యాండిల్ కూడా ఎడమకే తిప్పాలి, అప్పుడు చక్రాలు మళ్లీ బరువు కిందకి వస్తాయి. పక్క చక్రాల బండి అసలు ఒరగదు కాబట్టి ఆ తిప్పుడు అలవాటు కాదు. పైగా మలుపులో పిల్లవాడు బయటివైపుకి వాలడం నేర్చుకుంటాడు. మీరు హ్యాండిల్ పట్టుకున్నా అంతే. దిద్దుకునే పని మీ చెయ్యి చేసేస్తుంటే వాడి చేతులకి తెలిసేదేముంది?

అందుకని పక్క చక్రాలతో పాటు పెడళ్లు కూడా విప్పేయండి. చాలా సైకిళ్లకి 15 నంబరు పానా సరిపోతుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు: కుడి పెడల్ మామూలు మరే, ఎడమ పెడల్‌ది తిరగమర. పానాని పెడల్ ఇరుసు మీద నిటారుగా పెట్టి వెనక చక్రం వైపుకి లాగితే రెండూ వదులవుతాయి, ముందు చక్రం వైపుకి లాగితే బిగుస్తాయి. ఎడమదాన్ని కుడిదానిలా బలవంతంగా తిప్పితే మర అరిగిపోతుంది. తర్వాత ఎంత బిగించినా ఆ పెడల్ ఊడి వస్తూనే ఉంటుంది.

ఇక సీటు దించండి. కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆని, మోకాళ్లు కొంచెం వంగాలి. మొదట సీటు మీద కూర్చునే నడవమనండి. నడక కుదిరాక రెండు కాళ్లతో ఒకేసారి నేలని తన్ని, కాళ్లు ఎత్తేసి, ఒకటి నుంచి మూడు అంకెలు లెక్కపెట్టేదాకా జారిపోవాలి. కొండ ఊళ్లవాళ్లు చిన్న పల్లం చూసుకుంటారు, మన డెల్టాలో నేలంతా చదునే. వంతెన దిగుడో గట్టు దిగుడో వెతక్కండి, కాలి తోపుడు చాలు. చూపు చక్రం మీద కాదు, పదిహేను ఇరవై అడుగుల ముందుండాలి. పూటకి అరగంట మించొద్దు. అలిసిన పిల్లలు హ్యాండిల్ బిగబట్టేస్తారు, బిగబడితే తిరగదు.

కాళ్లు ఎత్తి పదిహేను అడుగులు జారి, కాస్త వంపు కూడా తిరిగాడంటే పెడళ్లు బిగించండి. బయల్దేరేటప్పుడు ఒక పెడల్ ముందుకి, కొంచెం పైకి ఉండాలి. అడుగున ఉంటే తొక్కడానికి బలం చాలదు, అక్కడే పడిపోతారు. మీరు పట్టుకోవాల్సింది సైకిల్ని కాదు, పిల్లవాణ్ణి: వెనక నుంచి చంకల కింద, వదులుగా. ఒరగనివ్వండి, పడనివ్వకండి. సీటు పైకి జరపడం ధైర్యం వచ్చాక, ఒక్కోసారి అంగుళం చొప్పున.

ప్రశ్న: మా ఇంటి ముందే కాలువ గట్టు. సాయంత్రం ఎవరూ ఉండరు, అక్కడ నేర్పొచ్చా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: వద్దు. కొత్తగా తొక్కేవాళ్లు దేన్ని చూసి భయపడతారో అటే పోతారు, ఎందుకంటే చూపు ఎటుంటే హ్యాండిల్ అటే తిరుగుతుంది. ఎండాకాలం కాలువకి నీళ్లు ఆపేశారులే అనుకోకండి, అడుగున గుంటల్లో నీళ్లూ బురదా ఉంటాయి.

బడి మైదానం అన్నిటికన్నా మేలు. దాళ్వా (రెండో పంట వరి) కోసేశాక చేలు ఖాళీగా కనిపిస్తాయి గానీ, నల్లరేగడి పగుళ్లలో చిన్న చక్రం దిగబడిపోతుంది. వాన పడితే అదే మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగనివ్వదు. రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన చోట అసలు వద్దు. గింజల మీద టైరు పక్కకి జారుతుంది, రైతుతో మాట పడటం వేరే.

ప్రశ్న: మా ఆయన కువైట్‌లో ఉంటారు. పాపకి తొమ్మిదేళ్లు. మా అన్నయ్య కొడుకు తొక్కిన 24 అంగుళాల సైకిల్ ఉంది. నాకు సైకిల్ రాదు. ఆయన వచ్చేదాకా ఆగాలా?
– ఒక తల్లి, అమలాపురం దగ్గర

జవాబు: ఆగక్కర్లేదమ్మా. పైన చెప్పిన పద్ధతిలో నేర్పేవాళ్లకి సైకిల్ రావాల్సిన పనే లేదు. ముందు సైజు చూడండి. సైకిల్‌కి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే, పాప ఒంటికీ బారుకీ (సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉండే పై గొట్టం) మధ్య రెండంగుళాల ఖాళీ ఉండాలి. సీటు పూర్తిగా దించినా మునివేళ్లే ఆనుతుంటే ఆ సైకిల్ ఇంకో ఏడాదికి దాచి, 20 అంగుళాలది ఎవరిదైనా అడగండి. “ఎదిగే పిల్ల కదా” అని పెద్దది ఇస్తే భయం పట్టుకుంటుంది.

తర్వాత బ్రేకులు. పాప వేళ్లు బ్రేకు లివరుని అందుకోవాలి, అందకపోతే సైకిల్ షాపులో లివరు దగ్గరికి జరిపిస్తారు. మన సైకిళ్లకి సాధారణంగా కుడి చేతిది ముందు చక్రానికి, ఎడమది వెనక చక్రానికి. ముందుదొక్కటే గట్టిగా పట్టేస్తే బండి ముందుకి ఎత్తేస్తుంది, అందుకే రెండూ కలిపి మెల్లగా నొక్కడం నేర్పండి. నేల మీద ముగ్గుతో గీత గీసి సరిగ్గా అక్కడ ఆపమనండి, ఆట లాగే అలవాటైపోతుంది. స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు సగం కూడా పట్టదు, వానలో వద్దు. పాప చున్నీ, మీ కొంగు రెండూ బిగించి దోపుకోండి, చైన్లో చిక్కుకునేవి అవే.

ప్రశ్న: చైన్‌కి కొబ్బరి నూనె వేయొచ్చా? ఇంట్లో అదే ఉంటుంది.
– అంతర్వేది నుంచి

జవాబు: కోనసీమలో ఈ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యం. వద్దండి. చలికాలం తెల్లవారుజామున అది గడ్డకడుతుంది, మిగతా రోజుల్లో దుమ్ము పట్టి జిగురవుతుంది. కుట్టుమిషను నూనె ఒక్కో లింకుకి ఒక చుక్క వేసి, పెడల్ వెనక్కి తిప్పుతూ పాత గుడ్డతో పైనంతా తుడిచేయండి. పైన మిగిలిన నూనె ఇసుకని పట్టుకుంటుంది. సముద్రం గాలికి మీ ఊళ్లో చైన్ తొందరగా తుప్పు పడుతుంది కాబట్టి పదిహేను రోజులకోసారైనా చూసుకోండి.