చేపను పాత నీళ్లలోనే ఉండనివ్వు

బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. రెండు గోల్డ్‌ఫిష్‌లూ పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. వీపు మీది రెక్క ఒంటికి అతుక్కుపోయింది. ఆకలేమో అని ఇంకాస్త మేత వేశానన్నావు. అది ఆకలి కాదమ్మా, ఊపిరాడట్లేదు వాటికి. ముందు మేత ఆపు. రెండ్రోజులు పస్తున్నా వాటికేం కాదు.

ట్యాంకు పెట్టి పదిరోజులే అయిందన్నావు కదా, చిక్కంతా అక్కడే. చేప విసర్జించే దాంట్లోంచి, కుళ్లిన మేతలోంచి అమ్మోనియా పుట్టి మొప్పల్ని కాల్చేస్తుంది. ఫిల్టరు స్పాంజిలో, గులకరాళ్ల మీద పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత పెద్దగా హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది.

ఇది తెలియక నేను చేసిన పని ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఓ సంక్రాంతికి ఇల్లు దులుపుతూ ట్యాంకు కూడా దించాను. నీళ్లన్నీ పారబోసి, రాళ్లు తోమి, స్పాంజిని కుళాయి కింద తెల్లబడేదాకా పిండి, కొత్త నీళ్లు నింపాను. అద్దంలా మెరిసింది. కనుమ నాటికి ఏడు చేపల్లో ఐదు పోయాయి. మీ అమ్మకప్పుడు పదేళ్లు. ఆ పూట అన్నం ముట్టలేదు.

అందుకే చెబుతున్నాను, నీళ్లన్నీ ఒకేసారి మార్చకు. ఈ రాత్రికి నాలుగో వంతు మాత్రం తీసెయ్యి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బకెట్‌లో పట్టి సీసా మీద రాసినన్ని యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యి. ఒక చెయ్యి బకెట్‌లో, ఒక చెయ్యి ట్యాంకులో పెట్టి చూడు. రెండూ ఒకే వేడిలో ఉన్నాయనిపించాక చెంబుతో అద్దం వారగా మెల్లగా పొయ్యి. చేపల్ని వలతో పట్టి మగ్గులో వెయ్యొద్దు. ఒంటి మీది జిగురు పొర రాసుకుపోతే రోగం సులువుగా పట్టుకుంటుంది. ఆ బ్యాక్టీరియా కుదురుకునేదాకా రోజూ ఇలాగే చెయ్యి, తర్వాత వారానికోసారి చాలు. స్పాంజి మురికిపడితే ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే ఒకసారి జాడించు. గాలి పంపు రాత్రిపూట కూడా ఆపకు.

ట్యాంకును టీవీ పక్కనుంచి తీసి వేరే గోడకు పెట్టండి. కదిపేటప్పుడు సగం నీళ్లు శుభ్రమైన బకెట్‌లోకి తీసుకుని, మళ్లీ అవే పొయ్యండి. చేప పక్కన తల నుంచి తోకదాకా సన్నటి గీత కనిపిస్తుంది చూడు, నీటి అదురు చేపకి ఆ గీతతో తెలుస్తుంది. బాబు అద్దం మీద టకటకా కొడితే అది ఒళ్లంతా తగులుతుంది. వాడికి కోప్పడకుండా నచ్చజెప్పు. పడుకునే ముందు లైటు ఆర్పెయ్యి, వాటికి కనురెప్పలుండవు.

తోడుకి ఏంజెల్ ఫిష్ తెస్తానన్నావు, వద్దు. దానికి వెచ్చటి నీళ్లు కావాలి, గోల్డ్‌ఫిష్‌కి చల్లటివి. పైగా నీ రెండూ పెరిగితే జానెడు అవుతాయి, వాటికే ఆ ట్యాంకు చాలదు. డబ్బులుంటే పెద్ద ట్యాంకు కొను.

ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా చెప్పు. రేపు పొద్దున వీపు రెక్క విచ్చుకుందో లేదో చూసి ఫోన్ చెయ్యి. ఆరింటికే లేచి ఉంటాను.

మీ మామయ్య